తిండికీ, కడుపుకూ, పళ్లకూ ఉన్న సంబంధాన్ని వైద్యుడు నమ్మేలా చూపడం ఎలా?

ఛాతీలో మంట అనో, కడుపుబ్బరం అనో, పన్ను పుచ్చిందనో వైద్యుడి దగ్గరికి వెళ్లి, "సార్, ఇది నేను తినే తిండి వల్లనేనా?" అని అడిగినవారికి సాధారణంగా రెండు జవాబుల్లో ఒకటి వస్తుంది. "అదేం లేదు, ఈ గోలీలు పదిహేను రోజులు వాడండి" అన్నది మొదటిది. "కారం, నూనె తగ్గించండి" అన్నది రెండోది. మొదటిది ప్రశ్నను పక్కకు నెడుతుంది. రెండోది వచ్చిన ప్రతివారికీ చెప్పే మాట గనుక, ఎవరి కడుపుకూ ప్రత్యేకంగా పనికిరాదు. హనుమకొండలో ఉంటూ ఈ రెండు జవాబులనూ పలుమార్లు విని, ఒకసారి ఒక వైద్యుడితో కొంత మాట పట్టింపుకు కూడా పోయిన రోగిగా, ఆ తరువాత నేను నేర్చుకున్న పద్ధతిని ఇక్కడ వివరిస్తున్నాను. అడిగే తీరు మారితే, అదే వైద్యుడు వినే తీరు కూడా మారుతుంది.

ముందుగా వైద్యుల సందేహానికి కారణం ఉందని ఒప్పుకోవాలి. కడుపులో పుండ్లకు కారం, పులుపు, దిగులు కారణమని వైద్యులే దశాబ్దాల పాటు చెప్పి, రోగుల చేత చప్పిడి తిండి తినిపించారు. 1982లో ఆస్ట్రేలియాకు చెందిన బ్యారీ మార్షల్, రాబిన్ వారెన్ అనే ఇద్దరు వైద్యులు ఆ పుండ్లున్నవారి జీర్ణాశయంలో హెలికోబ్యాక్టర్ పైలోరీ అనే సూక్ష్మజీవిని పెంచి చూపారు. ఎవరూ నమ్మకపోవడంతో 1984లో మార్షల్ ఆ సూక్ష్మజీవులున్న ద్రవాన్ని తానే తాగి జబ్బు తెచ్చుకున్నాడు. 2005లో ఇద్దరికీ నోబెల్ బహుమతి వచ్చింది. అంటే తిండి మీద వేసిన నింద చాలావరకు తప్పని తేలింది. నేడు పుండ్లకు ప్రధాన కారణాలుగా చెప్పేవి ఆ సూక్ష్మజీవి, మోకాళ్ల నొప్పులకని మందుల దుకాణంలో అడిగి తెచ్చుకునే నొప్పి గోలీలు. దీనికి సరిగ్గా ఎదురు కథ కూడా ఒకటి ఉంది. హాలండ్‌లో విల్లెం డికె అనే పిల్లల వైద్యుడు, కొందరు పిల్లల తీరని విరేచనాలకు గోధుమ కారణమని అనుమానించాడు. 1944-45 చలికాలపు కరువులో రొట్టె దొరకనప్పుడు ఆ పిల్లలు కోలుకోవడం, రొట్టె తిరిగి రాగానే మళ్లీ జబ్బు పడడం ఆయన అనుమానానికి బలమిచ్చింది. మానినప్పుడు తగ్గడం, తిన్నప్పుడు తిరిగి రావడం అనే ఈ రెండూ కలిసి కనిపించినప్పుడే తిండి మీద ఆరోపణకు విలువ వస్తుంది. మన పద్ధతి మొత్తానికి పునాది ఇదే.

అయితే కొన్ని లక్షణాలు ఉన్నవారు ఈ పరిశీలనల కోసం రోజులు గడపకూడదు. మలంలో రక్తం, తారులాంటి నల్లటి మలం, మింగడం కష్టమవడం, కారణం లేకుండా బరువు తగ్గడం, ఆగని వాంతులు, రక్తహీనత, యాభై దాటిన వయసులో మలవిసర్జన అలవాటు ఉన్నట్టుండి మారడం. నోటికి సంబంధించి జ్వరంతో కూడిన దవడ వాపు, రెండు వారాలైనా మానని పుండు, నోరు తెరుచుకోకపోవడం: వీటిలో ఏది ఉన్నా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. గుట్కా, వక్క, తంబాకు అలవాటున్నవారు నోటి పుండును "వేడి చేసింది" అని సరిపెట్టుకోవడం ప్రమాదకరం.

ఇవేవీ లేనివారు ఒక చిన్న నోటుపుస్తకం తీసుకుని పద్నాలుగు రోజులు రాయాలి. తిన్నది, తాగినది, సమయం, ఎన్ని చెంచాల చక్కెర, తరువాత ఏం బాధ కలిగింది, ఎంతసేపటికి కలిగింది అన్న వివరాలు చాలు. మలం గట్టి ఉండలుగా ఉందా, మెత్తగా ఉందా, నీళ్లగా ఉందా అన్నది కూడా రాయాలి. బ్రిస్టల్ పట్టిక అనే ఏడు రకాల బొమ్మల పట్టికను చాలామంది వైద్యులు గుర్తిస్తారు గనుక అందులోని అంకె వేస్తే ఇంకా మంచిది. మొదటి వారం అలవాట్లేమీ మార్చకూడదు. రాస్తున్నాం కదా అని మొహమాటపడి మంచి తిండి తింటే ఆ లెక్క ఎందుకూ పనికిరాదు. రాత్రి పడుకునే ముందు గుర్తుచేసుకుని రాయడం కూడా సరికాదు. నేను మొదటిసారి అలాగే రాసి, నాలుగు చాయలు తాగుతున్నానని నమ్మాను. అప్పటికప్పుడు రాయడం మొదలుపెట్టిన తరువాత అవి ఆరని తేలింది.

ఆ పుస్తకాన్ని మొదట పళ్ల కోసం చదవాలి, ఎందుకంటే ఇక్కడ శాస్త్రం చాలా స్పష్టంగా ఉంది. పంటి మీది పాచిలో ఉండే సూక్ష్మజీవులు చక్కెరను కొన్ని నిమిషాల్లో ఆమ్లంగా మారుస్తాయి. ఆమ్లతను కొలిచే అంకె పీహెచ్; అది తగ్గేకొద్దీ ఆమ్లత పెరిగినట్టు. అది సుమారు 5.5 కంటే దిగినప్పుడు ఎనామిల్ అనే పంటి పైపొర నుండి ఖనిజాలు కరగడం మొదలవుతుంది. లాలాజలం దానిని తిరిగి సరిచేయడానికి అరగంట నుండి గంట వరకు పడుతుంది. 1940లలో అమెరికాలో రాబర్ట్ స్టీఫన్ ఈ ఎత్తుపల్లాలను కొలిచి చూపాడు. స్వీడన్‌లోని విపెహోల్మ్ అనే సంస్థలో 1945 నుండి కొన్నేళ్ల పాటు జరిగిన ప్రయోగం, చక్కెరను భోజనంతో పాటు తిన్నప్పటి కంటే, పంటికి అంటుకునే మిఠాయిగా భోజనాల మధ్య పదే పదే తిన్నప్పుడు పళ్లు ఎక్కువగా పుచ్చుతాయని తేల్చింది. ఆ ప్రయోగం తమ అంగీకారం చెప్పలేని మానసిక వికలాంగుల మీద జరిగింది గనుక, నేడైతే దానికి అనుమతి దొరకదు. ఈ జ్ఞానానికి మూల్యం చెల్లించినవారు వారే.

కాబట్టి పళ్ల విషయంలో ఎంత తిన్నామన్న దాని కంటే ఎన్నిసార్లు తిన్నామన్న లెక్క ముందు చూడాలి. వరంగల్‌లోని ఏనుమాముల మార్కెట్లో మిర్చి బస్తాల మధ్య తెల్లవారుజాము నుండి కూర్చునే వ్యాపారి, గంటకొక చాయ చొప్పున ఆరు తాగితే, ఒక్కో చాయకు రెండు చెంచాల చక్కెర అనుకున్నా రోజుకు పన్నెండు చెంచాలు, అంటే దాదాపు 50 గ్రాములవుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చక్కెరల నుండి వచ్చే శక్తి మొత్తంలో పదో వంతు దాటకూడదని, ఇరవయ్యో వంతుకు, అంటే పెద్దవారికి సుమారు 25 గ్రాములకు తగ్గిస్తే ఇంకా మేలని సూచించింది. ఆ వ్యాపారి ఇంకా అన్నం ముట్టకముందే పై హద్దుకు చేరుకున్నాడు; పైగా ఉదయమంతా ఆయన పళ్లకు కోలుకునే విరామమే దొరకలేదు. ఆరు చాయల్లో నాలుగింటిని చక్కెర లేకుండా తాగడం, లేదా రెండు చాయలను టిఫినుతోనూ భోజనంతోనూ కలిపి మిగిలినవి మానడం, ఈ రెండింటిలో ఏది చేసినా ఫలితం ఉంటుంది.

బెల్లం గురించి ఒక మాట ప్రత్యేకంగా చెప్పాలి. మేడారం జాతరలో సమ్మక్క సారలమ్మలకు నిలువెత్తు బెల్లాన్ని "బంగారం" పేరుతో తూచి సమర్పించే ప్రాంతం మనది. బతుకమ్మ నాడు పంచే మలీదలోనూ, సత్తుపిండిలోనూ, సంక్రాంతి నువ్వుల ముద్దల్లోనూ బెల్లమే ప్రధానం. అందుకే చాలామంది బెల్లం పళ్లకు హాని చేయదనుకుంటారు. బెల్లంలో అధిక భాగం చక్కెరే. పైగా అది పంటి సందుల్లో అంటుకుని ఎక్కువసేపు నిలుస్తుంది. ప్రసాదాన్ని మానమని నేను చెప్పడం లేదు. భోజనం చివర తిని, నీళ్లతో గట్టిగా పుక్కిలించి, రాత్రి పడుకునే ముందు ఫ్లోరైడ్ ఉన్న పేస్టుతో తోముకుంటే సరిపోతుంది. పల్లిపట్టీని జేబులో పెట్టుకుని మధ్యాహ్నమంతా కొరుకుతూ ఉండడంతోనే అసలు చిక్కు. పిల్లలకు రాత్రిపూట ఇచ్చే తియ్యటి దగ్గు మందు, పాలసీసా కూడా ఈ లెక్కలోకే వస్తాయి.

పుచ్చడం ఒకటైతే, ఆమ్లం నేరుగా ఎనామిల్‌ను అరగదీయడం మరొకటి. పరగడుపున నిమ్మరసం, తేనె కలిపిన నీళ్లు తాగి వెంటనే పళ్లు తోముకునే అలవాటు ఈమధ్య బాగా వ్యాపించింది. మెత్తబడిన ఎనామిల్‌ను బ్రష్షుతో రుద్దడం మంచిది కాదు. కనీసం అరగంట ఆగాలి, లేదా ముందే తోముకోవాలి. శీతల పానీయాలు, పులిసిన కల్లు ఇదే కోవకు చెందుతాయి. పచ్చిపులుసు అన్నంతో కలిపి తినేది గనుక దానికి అంతగా భయపడనక్కర లేదు.

కడుపుకూ పళ్లకూ సూటిగా సంబంధం కలిసేది కూడా ఇక్కడే. రాత్రి పడుకున్నప్పుడు కడుపులోని ఆమ్లం గొంతులోకి ఎగదన్నేవారికి, ముఖ్యంగా పై ముందు పళ్ల లోపలి వైపు నున్నగా అరిగిపోతుంది. ఛాతీలో మంట తెలియని రోగిలో కూడా దంతవైద్యుడు దీనిని ముందుగా పట్టుకోగలడు. కానీ మన దేశంలో దంతవైద్యానికి వేరే చట్టం, వేరే కళాశాలలు, వేరే నియంత్రణ సంస్థ ఉన్నాయి; పళ్ల వైద్యుడు కడుపు గురించి అడగడు, కడుపు వైద్యుడు నోరు తెరిపించి నాలుక చూసి వదిలేస్తాడు. ఈ ఇద్దరి మధ్య వార్త మోయవలసింది రోగే. దవడ పళ్లు పోయినవారు జొన్నరొట్టె, పచ్చి కూరగాయలు నమలలేక మెత్తటి అన్నానికి పరిమితమై, ఆపైన మలబద్ధకంతో బాధపడడం కూడా చూస్తుంటాం. అలాంటివారికి మలబద్ధకం మందు కంటే కట్టుడు పళ్లు ఎక్కువ మేలు చేయవచ్చు.

ఇక పుస్తకాన్ని కడుపు కోసం చదవాలి. ఇక్కడ తొందర పనికిరాదు. రెండో వారం చివరికి అనుమానం కలిగిన పదార్థాల్లో ఒక్కదానిని ఎంచుకుని రెండు వారాలు మాని, తరువాత మూడు రోజులు మళ్లీ తిని చూడాలి. పాలు, గోధుమ, పప్పు, కారం అన్నీ ఒకేసారి మానేసి హాయిగా ఉందని చెప్పేవారికి, ఏది మానడం వల్ల హాయి కలిగిందో ఎప్పటికీ తెలియదు.

పాలతో మొదలుపెట్టడం సులభం. దక్షిణ భారతంలో పెద్దవారిలో చాలామందికి పాలలోని లాక్టోజ్ అనే చక్కెర పూర్తిగా జీర్ణం కాదు. అయినా అటువంటివారిలో ఎక్కువమంది ఒక గ్లాసు పాలలో ఉండే 12 గ్రాముల వరకు తట్టుకోగలరు. ఒక చాయలో పడే 50 మిల్లీలీటర్ల పాలలో ఉండేది రెండున్నర గ్రాములే. అందువల్ల చాయ తాగితే కడుపుబ్బరం వస్తుందంటే పాలను ఒక్కదాన్నే నిందించడం సరికాదు. ఖాళీ కడుపు, దానితో తినే బిస్కట్లు, డికాషన్ కూడా అనుమానితుల జాబితాలో ఉండాలి. గ్లాసు పాలు తాగినప్పుడు మాత్రమే బాధ కలిగి, పెరుగు, చల్ల పడుతున్నట్టయితే లాక్టోజ్ మీద అనుమానం బలపడుతుంది.

గోధుమ విషయంలో క్రమం తారుమారు కాకూడదు. డికె గుర్తించిన ఆ జబ్బుకు, అంటే సీలియాక్‌కు, నేడు రక్తపరీక్ష ఉంది. గోధుమ తింటున్న రోజుల్లో చేయించుకుంటేనే అది నిజం చెబుతుంది. ముందే చపాతీలు మానేసి పరీక్షకు వెళితే జబ్బు ఉన్నా లేదని రావచ్చు. ఉత్తర భారతంతో పోలిస్తే మన వైపు ఈ జబ్బు తక్కువ. అయినా అనుమానం ఉన్నవారు ముందు పరీక్ష, తరువాత పథ్యం అన్న క్రమం పాటించాలి.

మలబద్ధకం ఉన్నవారు పీచు పెంచాలనడంలో వైద్యులకు భిన్నాభిప్రాయం పెద్దగా లేదు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పట్టికల ప్రకారం 100 గ్రాముల జొన్నల్లో సుమారు 10 గ్రాముల పీచు ఉంటే, పాలిష్ పట్టిన బియ్యంలో మూడు గ్రాముల లోపే ఉంటుంది. ఒక తరం వెనుక వరంగల్, కరీంనగర్ పల్లెల్లో జొన్న గటుక, మక్క గటుక రోజువారీ తిండి. నేడు మూడు పూటలా తెల్లటి అన్నమే. రాత్రి భోజనంలో ఒక జొన్నరొట్టెతో మొదలుపెట్టి, పుంటికూరనో గంగవాయిలి కూరనో చేర్చి, నీళ్లు పెంచుతూ మూడు నాలుగు వారాల్లో అలవాటు చేసుకోవాలి. ఒక్కసారిగా పెంచితే ఉబ్బరం వస్తుంది. "జొన్నలు నాకు పడవు" అన్న తీర్మానాల్లో చాలావాటికి కారణం ఈ తొందరే. కారం విషయానికి వస్తే, అది పుండ్లు పుట్టించదు గానీ, మంట ఉన్నవారిలో ఆ మంటను రేపుతుంది. మిర్చిలోని కాప్సైసిన్ నొప్పిని గ్రహించే నరాలనే తాకుతుంది. కాబట్టి ఎంత కారం తగ్గించాలన్నది ఎవరి పుస్తకాన్ని చూసి వారే తేల్చుకోవాలి.

బోరు నీళ్లు తాగే పల్లెలవారు ఇంకొకటి చూసుకోవాలి. పిల్లల పళ్లపై సున్నపు మచ్చలు, గోధుమరంగు చారలు ఉంటే అది పుచ్చు కాకపోవచ్చు. నీటిలో ఫ్లోరైడ్ ఎక్కువై ఏర్పడిన ఫ్లోరోసిస్ కావచ్చు. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. నీటిని మరిగిస్తే ఫ్లోరైడ్ పోదు, ఆవిరైన మేరకు గాఢత పెరుగుతుంది. బోరు నీటిని పరీక్ష చేయించి, ఎక్కువ ఉందని తేలితే మిషన్ భగీరథ నల్లా నీటినే తాగడానికీ, వంటకూ వాడాలి.

వైద్యుడి దగ్గరికి వెళ్లేటప్పుడు పుస్తకమంతా చేతిలో పెట్టకూడదు. బయట ఎనభై మంది కూర్చుని ఉన్న ఓపీలో ఎవరూ దానిని చదవలేరు. ఒక్క కాగితం మీద నాలుగైదు వాక్యాలు రాయాలి: "మూడు నెలలుగా భోజనమైన గంటకు ఛాతీలో మంట, వారానికి నాలుగు రోజులు. రాత్రి తొమ్మిదిన్నరకు తిని పదింటికి పడుకున్న రోజుల్లోనే ఎక్కువ. ఏడున్నరకు తిన్న రెండు వారాల్లో రెండుసార్లే వచ్చింది. మళ్లీ ఆలస్యంగా తిన్న మూడు రోజులూ వచ్చింది. మోకాలికి వాడుతున్న గోలీలు ఇవి." ఆ తరువాత "ఇది దేనివల్ల?" అని అడగడం కంటే, "దీనిని నిర్ధారించడానికి పరీక్ష ఏదైనా ఉందా? గోలీ ఎన్నాళ్లు వాడాలి? ఆపడానికి ముందు ఏం చూడాలి?" అని అడగడం మేలు. ఫోనులో వచ్చిన సందేశాన్ని తెరిచి చూపితే అంతటితో సంభాషణ ముగుస్తుంది. అది నా స్వానుభవం. పైన రాసిన కాగితం కూడా నాదే. నాతో మునుపు విసుక్కున్న ఆ డాక్టరు గారే దానిని రెండుసార్లు చదివి, మోకాలి గోలీల పేరు చుట్టూ సున్నా చుట్టి, "ముందు ఇది ఆపుదాం" అన్నారు. అప్పటిదాకా రాత్రి భోజనాన్నే అనుమానించిన నాకు, దాని పక్కన ఆ గోలీ కూడా ఉందన్న సంగతి ఆయన చెబితేనే తెలిసింది.