వన్యప్రాణి ఆవాసాల పటం – రెండవ పాఠం: ప్రశ్న, గడులు, నడక

మొదటి పాఠంలో పటాలు గీసే ఉచిత సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్‌ను దించుకొని, ఒడిశాలోని గంజాం జిల్లా సరిహద్దును తెరపైకి తెచ్చుకున్నాము. ఈ పాఠానికి నోటుపుస్తకం, పెన్సిలు చాలు. బరంపురంలోనూ పర్లాకిమిడిలోనూ చదువుకునే మన తెలుగు పిల్లలు ఆవాసాల ప్రాజెక్టు అనగానే ఉపగ్రహ చిత్రాల కోసం వెతకడం మొదలుపెడతారు. దేనికి జవాబు కావాలో ముందుగా రాసుకోకపోవడం వల్ల ఆరు నెలల తరువాత చేతిలో రంగురంగుల పటం ఉంటుంది గాని, అది ఏమి చెబుతున్నదని అడిగితే బదులు ఉండదు.

అస్కా, బుగుడా పరిసరాల్లోని భేట్నోయి–బలిపదర్ ప్రాంతపు కృష్ణజింకలను ఉదాహరణగా తీసుకుందాము. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్న ఈ జంతువు ఇక్కడ రైతుల పొలాల మధ్యనే బతుకుతున్నది. జింకలు మేసిన పొలం బాగా పండుతుందని, అవి తిరిగే ఊరికి వానలు కురుస్తాయని నమ్మే అక్కడి రైతులు పంట కొంత పోయినా వాటి జోలికి పోరు. అందుచేత అడవిని పటంలో గీసి ఆవాసం అని పేరు పెట్టే పద్ధతి ఇక్కడ పనికిరాదు. మన ప్రశ్న ఇలా ఉండాలి: వరి నిలిచి ఉన్న రోజుల్లో జింకలు కనిపించిన చోట్లలోనే కోతల తరువాత కూడా కనిపిస్తాయా, మారితే ఊళ్లకు, రోడ్లకు దగ్గరవుతాయా, దూరమవుతాయా?

ప్రశ్న ఇంత స్పష్టంగా ఉంటే ఏ చిత్రాలు కావాలో అదే చెబుతుంది. సెంటినెల్-2 ఉపగ్రహాల చిత్రాలు ఉచితంగా దొరుకుతాయి. ఒక్కొక్క రకం కాంతిని విడిగా నమోదు చేసే పొరను పట్టీ (బ్యాండ్) అంటారు. వాటిలో ముఖ్యమైన పట్టీలకు ఒక్కొక్క చుక్క (పిక్సెల్) నేల మీద 10 మీటర్ల చదరం. పచ్చని ఆకు ఎరుపు కాంతిని పీల్చుకొని పరారుణ కాంతిని వెనక్కి పంపుతుంది కాబట్టి, పరారుణ కాంతిని నమోదు చేసే 8వ పట్టీ విలువ నుంచి ఎరుపును నమోదు చేసే 4వ పట్టీ విలువను తీసివేసి, వచ్చినదానిని ఆ రెండింటి మొత్తంతో భాగిస్తే పచ్చదనపు సూచిక, అంటే ఎన్‌డీవీఐ, వస్తుంది. అయితే అక్టోబరులో వరిచేను, దాని పక్కనున్న తుప్పల నేల ఈ సూచికలో ఇంచుమించు ఒకే పచ్చగా కనబడవచ్చు. వాటిని విడదీసేది కోతల తరువాతి చిత్రమే. వానాకాలంలో మబ్బులు అడ్డం వస్తాయి గనుక అక్టోబరు చివర ఒకటి, ఫిబ్రవరిలో ఒకటి ఎంచుకోండి. ఫిబ్రవరిలో కొన్ని మళ్లు ఖాళీగా, కొన్ని పెసర, మినుము చేలతో పచ్చగా ఉంటాయి. ఆ తేడాయే మనకు కావలసినది.

ఇప్పుడు లెక్క. 6 కిలోమీటర్ల చదరాన్ని 500 మీటర్ల గడులుగా కోస్తే 144 గడులు వస్తాయి. ఇద్దరేసి చొప్పున రెండు జట్లు కలిసి ఒక ఉదయం 12 గడులు చూడగలవనుకుందాము. ఒకసారి చూసి కనబడలేదని జింక లేదని రాయడం తప్పు కాబట్టి ప్రతి గడినీ కనీసం రెండుసార్లు చూడాలి. అంటే ఒక్క రుతువుకే 24 ఉదయాలు. తరగతులు ఉన్న విద్యార్థికి అది సాగదు. 36 గడులే తీసుకుంటే 6 ఉదయాలతో సరిపోతుంది. ఆ 36 గడులను చీటీలు వేసి తీయండి. బండి పోయే దారి పక్క గడులనే ఎంచుకుంటే, చివరకు మనం తిరిగిన దారులకే పటం గీసినవాళ్లమవుతాము. జింక కనబడని గడిని కూడా తేదీ, వేళ వేసి రాయడం తప్పనిసరి; సున్నాలు లేని పట్టికను నేను అంగీకరించను.

చాలామంది గమనించని పొరపాటు ఒకటి ఇక్కడే ఉన్నది. మీరు పొలం గట్టు మీద నిలబడి, 200 మీటర్ల దూరంలో మేస్తున్న మందను చూసి ఫోనులో స్థానం నమోదు చేస్తే, అది రాసుకున్నది గట్టు ఉన్న చోటు. మంద పక్క గడిలో ఉండవచ్చు. అందుకని దిక్సూచితో కోణం, అంచనాగా దూరం కూడా రాయాలి. ఉత్తరం నుంచి తూర్పువైపు 60 డిగ్రీల కోణంలో 200 మీటర్లంటే, మీ స్థానానికి తూర్పుగా 173 మీటర్లు, ఉత్తరంగా 100 మీటర్లు కలపాలి. ఈ కూడిక మీటర్లలో జరగాలంటే యూటీఎం నిర్దేశాంకాలు, అంటే భూమిని నిలువు ముక్కలుగా విడదీసి స్థానాన్ని మీటర్లలో చెప్పే కొలతలు, అవసరం. ఆ ఒక్కొక్క ముక్కను మండలం (జోన్) అంటారు. 44, 45 మండలాలను విడదీసే 84 డిగ్రీల తూర్పు రేఖాంశం ఆంధ్ర–ఒడిశా సరిహద్దు మీదుగానే పోతుంది: శ్రీకాకుళం, గుణుపురం 44వ మండలంలోను, పర్లాకిమిడి, ఇచ్ఛాపురం, బరంపురం 45వ మండలంలోను పడతాయి. మన ప్రాజెక్టుకు 45వ ఉత్తర మండలం, ఈపీఎస్‌జీ సంఖ్య (క్యూజీఐఎస్‌లో ఈ పద్ధతిని ఎంచుకొనే సంకేతం) 32645.

నా మొదటి ప్రాజెక్టులో 19 డిగ్రీల 30 నిమిషాలను 19.30 అని పట్టికలో రాశాను. అది 19.5 కావాలి. 0.2 డిగ్రీ తేడా అంటే దాదాపు 22 కిలోమీటర్లు. ఒక రోజంతా ఎండలో తిరిగి తెచ్చిన చుక్కలన్నీ వేరే ఊళ్ల మీద పడ్డాయి. ఫోనులో దశాంశ డిగ్రీలను ఎంచుకొని, బయలుదేరేముందు అందరి ఫోనులూ ఒకేలా ఉన్నాయో లేదో చూడండి.

పొలాల్లోకి అడుగుపెట్టేముందు అటవీ డివిజను కార్యాలయానికి రాతపూర్వకంగా తెలిపి అనుమతి తీసుకోండి; రైతును, పశువుల కాపరిని అడగడం కూడా అంతే ముఖ్యం. మందలు నిలిచే కచ్చితమైన చుక్కలను ఎవరికీ పంపవద్దు. బయటికి ఇచ్చే పటంలో గడి రంగు మాత్రమే ఉండాలి, ఎందుకంటే వేటగాడికి కావలసిన వివరం కూడా ఆ చుక్కలోనే ఉంటుంది.

వచ్చే పాఠానికి ముందు పట్టిక గీసుకొని రండి. గడి సంఖ్య, తేదీ, వేళ, చూసినవారి పేరు, మీ స్థానం, కోణం, దూరం, నల్ల మగవి, ఆడవి, పిల్లలు, ఆ చోట ఉన్న పంట, కుక్కలు కనబడ్డాయా లేదా అన్న నిలువు వరుసలు అందులో ఉండాలి. ఆ పట్టికతో మీ ఊరి చుట్టూ ఒక గడిని, ఆవులను జింకలనుకొని, ఒక ఉదయం నడిచి చూడండి.