నేత ఇళ్లలో పరిశోధన కోసం కెమెరా తీసే ముందు

పోచంపల్లి ఇక్కత్ నేసే ఇళ్లకు సామాజిక పరిశోధన కోసం కెమెరాతో వెళ్లేవారు, ఏ ప్రశ్నకు జవాబు వెతుకుతూ ఫొటోలు తీస్తున్నారో ముందే రాసిపెట్టుకోవాలి. లేకపోతే రంగుల అందమే మిగులుతుంది.

ఇంటి పెద్దను అడిగితే అనుమతి దొరికినట్టు కాదు. నూలు ఇచ్చి కూలికి నేయించే మాస్టర్ వీవర్ వెంట వెళ్తే, అతని దగ్గర కూలికి నేసేవారు ఇష్టం లేకున్నా కాదనలేరు కనుక, ఫొటో ఎక్కడ అచ్చవుతుందో చెప్పి ఒక్కొక్కరినీ విడిగా అడగాలి.

మగ్గం మీద కూర్చున్న మగవారిని తీసి పనంతా చూపించామనుకోకూడదు. ఆసు పోయడం (రంగు అద్దే ముందు నూలును మేకుల చుట్టూ తిప్పి అమర్చడం), కండెలు చుట్టడం (నాడెలో పెట్టే చిన్న గొట్టాలకు నూలు చుట్టడం) ఎక్కువగా ఆడవారి చేతుల మీదుగా, ఇంటిపనుల నడుమ సాగుతాయి. వారు ఏ మూల, ఏ వెలుతురులో కూర్చుంటారో, ఎన్నిసార్లు లేస్తారో తెలియాలంటే ఒకే చోటు నుంచి వేర్వేరు వేళల్లో తీయాలి. ఆసు యంత్రం ఉన్న ఇళ్లను, చేత్తో పోసే ఇళ్లను వేరువేరుగా నమోదు చేయాలి.

తేదీ, వేళ, ఫ్రేములోకి రానివి అదే రోజు రాసుకోవాలి. ఫైల్లోని జీపీఎస్ వివరాలు తొలగించాకే ఇతరులకు ఇవ్వాలి.

ఫొటోలను చూపిస్తూ మాట్లాడించే పద్ధతిని అమెరికా మానవశాస్త్ర పరిశోధకుడు, ఫొటోగ్రాఫర్ జాన్ కోలియర్ 1957లోనే వివరించారు. ప్రింట్లతో మళ్లీ వెళ్లడానికి సమయం, ఖర్చు ముందే కేటాయించుకోవాలి. అసలు సంగతులు చాలావరకు అప్పుడే బయటికొస్తాయి.