అడవి ఫెర్న్‌లపై వాతావరణం, నీడల ప్రభావాన్ని ఏళ్ల తరబడి గమనించడం ఎలా?

గుబురుగా, పచ్చగా కనిపించినంత మాత్రాన ఒక ఫెర్న్ (పూలు, విత్తనాలు లేని మొక్క) జాతి ఆ చోట క్షేమంగా ఉందని నిర్ధారించరాదు. ఎదిగిన మొక్క భూగర్భ కాండంలో దాచుకున్న ఆహారంతో ప్రతికూల సంవత్సరాలను కూడా నెట్టుకురాగలదు. అదే కాలంలో అక్కడ కొత్త మొక్క ఒక్కటీ పుట్టకపోవచ్చు. అందువల్ల పెద్ద మొక్కలను, పిల్ల మొక్కలను వేర్వేరుగా లెక్కించడమే ఈ పనిలో అన్నిటికన్నా ముఖ్యమని నా దృఢమైన అభిప్రాయం.

దీనికి కారణం ఫెర్న్ జీవితచక్రంలోనే ఉంది. ఆకు అడుగున ఉండే సిద్ధబీజాశయాలు అనే చిన్న సంచులు పొడి గాలికి ఎండి పగిలినప్పుడు, విత్తనాలకు బదులుగా వ్యాప్తి చెందే ధూళి వంటి సిద్ధబీజాలు గాలిలోకి ఎగురుతాయి. అవి తడి నేలపై మొలకెత్తి, సాధారణంగా సెంటీమీటరుకు మించని పలుచని సంయోగబీజదాలుగా, అంటే పురుష, స్త్రీ బీజకణాలను తయారుచేసే చిన్న మొక్కలుగా పెరుగుతాయి. వాటి మీద నీటి పొర ఉంటేనే పురుష బీజకణాలు ఈదుకుంటూ స్త్రీ బీజకణాన్ని చేరగలవు; ఆ కలయిక నుంచే పిల్ల ఫెర్న్ పుడుతుంది. అంటే సిద్ధబీజాలు వెదజల్లడానికి పొడిదనం, ఫలదీకరణకు తడి, రెండూ సరైన వరుసలో రావాలి. ఈ దశలో నేల పైపొర కొన్ని రోజులు ఎండినా పిల్ల మొక్కల సంఖ్య పడిపోవచ్చు.

ముందుగా ఒక్కో మీటరు భుజం గల చదరాలను దట్టమైన నీడలోను, పాక్షిక నీడలోను, చెట్లు కూలి వెలుగు పడుతున్న చోట్లలోను గుర్తించండి. ఫెర్న్‌లు ఏపుగా ఉన్న చోట్లనే ఎంచుకుంటే ఫలితం మొదటి నుంచీ ఒక పక్షానికి మొగ్గుతుంది కాబట్టి, అవి పలుచగా ఉన్నవాటిని, అసలు లేనివాటిని కూడా చేర్చాలి. మూలల్లో తుప్పు పట్టని మేకులు పాతి, ఏటా ఒకే రుతువులో, కొత్త ఆకుల చుట్టలు పూర్తిగా విచ్చుకున్నాక లెక్క తీసుకోవాలి. చదరంలో అడుగు పెట్టకుండా అంచు నుంచే చూడాలి. కాలి కింద ముందుగా నలిగేవి పిల్ల మొక్కలే.

కుదురుగా పెరిగే జాతులలో ఒక్కో మొక్కకు ఒక సంఖ్య ఇచ్చి, ఆకుల సంఖ్యను, అతి పొడవైన ఆకు కొలతను, అడుగున సిద్ధబీజాశయాలున్న ఆకుల సంఖ్యను నమోదు చేయవచ్చు. నేలలో పాకుతూ పెరిగే బ్రాకెన్ అనే ఫెర్న్ వంటి వాటిలో పదుల కొద్దీ ఆకులు ఒకే మొక్కవి కావచ్చు గనుక, అక్కడ ఆకులను మొక్కలుగా లెక్కించక, చదరంలో అవి కప్పిన భాగాన్ని శాతంగా రాయాలి.

నీడను మాటల్లో వర్ణించడం కంటే, మబ్బు పట్టిన రోజున ఒకే ఎత్తు నుంచి కెమెరాను నిట్టనిలువుగా పైకి పెట్టి తీసిన చిత్రాలు ఎక్కువ ఉపయోగపడతాయి. వాటిలో ఆకాశం కనిపించే భాగాన్ని ఏటా పోల్చండి. పెద్ద చెట్టు కూలితే వెలుగుతో పాటు వేడి, గాలి పెరిగి తేమ తగ్గుతుంది. వెలుగు చాలక కుంటుపడిన జాతులు అప్పుడు ఎక్కువ ఆకులు వేయవచ్చు. కానీ ఆకు చాలావరకు ఒకే కణం మందం ఉండే ఫిల్మీ ఫెర్న్‌లు త్వరగా వడలిపోతాయి. బ్రాకెన్ మాత్రం ఆరుబయట ఎండలోనూ విస్తరించి, ఇతర మొక్కలను అణచివేయగలదు.

వర్షం విషయంలో ఏడాది మొత్తం వర్షపాతపు లెక్క ఒక్కటే చాలదు. రెండు వానల మధ్య ఎండు విరామం ఎన్ని రోజులు సాగిందో రాయడం పిల్ల మొక్కల విషయంలో మరింత విలువైన సమాచారం. ఆరుబయటి వాతావరణ కేంద్రపు లెక్కలు అడవి నేల దగ్గరి పరిస్థితిని చెప్పవు. అందుకే ఉష్ణోగ్రత, తేమలను నమోదు చేసే చిన్న పరికరాన్ని నేరుగా ఎండ సోకకుండా నేలకు దగ్గరగా అమర్చాలి. మంచు గడ్డకట్టే ప్రాంతాలలో, లేత చుట్టలు వచ్చాక పడిన మంచు తేదీని తప్పక గుర్తించాలి.

లెక్కలను విశ్లేషించేటప్పుడు, ఈ ఏటి ఆకుల పరిమాణాన్ని ఈ ఏటి వాతావరణంతోనే కాక గత ఏటి వాతావరణంతో కూడా పోల్చాలి, ఎందుకంటే కొత్త ఆకులకు ఆహారం చాలావరకు పాత నిల్వల నుంచే అందుతుంది. నీడ ఉన్న, లేని చదరాలన్నిటిలోనూ పిల్ల మొక్కలు ఒకేసారి తగ్గితే వాతావరణాన్ని, చెట్లు కూలిన చదరాలలోనే తగ్గితే వెలుగు మార్పును ముందుగా అనుమానించవచ్చు. కనీసం ఐదారేళ్ల లెక్కలు చేతికి వచ్చే వరకు ఒక్క ఎండు సంవత్సరపు తగ్గుదలను క్షీణతగా ప్రకటించకండి.