పాటలో మాటను ఎంచుకోవడం ఎలా?

పాట రాయడానికి కూర్చోగానే ముందుగా తట్టేవి పెద్ద మాటలే. దూరమైన కొడుకు కోసం ఎదురుచూసే తల్లి మీద పాట అనుకోండి. కాగితం మీద పడే మొదటి పంక్తి దాదాపు ఇలా ఉంటుంది: ‘నీ వియోగంలో నా హృదయం తపిస్తోంది’. అర్థం తెలుస్తుంది, వ్యాకరణం కుదిరింది, విన్నవాళ్ళలో మాత్రం ఏదీ కదలదు. ఈ ఒక్క పంక్తినే పట్టుకుని మార్చుకుంటూ వెళ్దాం.

1. నోరు ఎవరిదో తేల్చుకోండి

తెలుగులో ఒకే వస్తువుకు నాలుగైదు మాటలుంటాయి. ఇల్లు, గృహం, సదనం, కొంప, గూడు: నిఘంటువు వీటన్నిటినీ పక్కపక్కనే కూర్చోబెడుతుంది. పాటలో అలా కుదరదు. ‘కొంప’ అన్నవాడికి విసుగో చనువో ఉంది. ‘గూడు’ అన్నవాడు పిల్లల్ని తలుచుకుంటున్నాడు. ‘సదనం’ అన్నవాడు బహుశా ఏ వేదిక మీదో నిలబడి ఉన్నాడు. మన పాటలోని తల్లి ‘వియోగం’ అనదు. ‘తపిస్తోంది’ అని తన గురించి తాను అసలే చెప్పుకోదు. పాడేది ఎవరో తేలగానే మన పంక్తిలో సగం రాలిపోయింది.

పిలుపు దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. నువ్వు, నీవు, మీరు: మూడింటికీ మూడేసి మాత్రలే (ఒక హ్రస్వాక్షరం పలకడానికి పట్టే కాలం ఒక మాత్ర). బాణీకి ఏదైనా ఒకటే కనుక ఇక్కడ ఎంపికంతా మనసుదే. రెండు చరణాలు ‘నువ్వు’ అని పిలిచిన మనిషి మూడో చరణంలో ‘మీరు’ అంటే, మధ్యలో ఏదో తెగిపోయిందని విడిగా చెప్పనక్కర్లేదు. అయితే ఏ భావమూ లేకుండా, ఒకే పాటలో నువ్వు, నీవు కలగాపులగం చేసేవాళ్ళూ ఉన్నారు. అది వినేవాడికి భావంగా తోచదు, పొరపాటుగానే తోస్తుంది.

2. బాధను చెప్పకండి, బాధపడేవాళ్ళ చేతిని చూడండి

ఎదురుచూసే తల్లి రాత్రిపూట ఏం చేస్తుంది? లేదా ఏం చేయడం మానేస్తుంది? తలుపు గడియ వేయడం మానేస్తుంది. పంక్తి దొరికింది: ‘గడియ వేయని తలుపు నీకై’. ఏడుపు, గుండె, విరహం ఒక్కటీ లేవు. ఉన్నది చెక్క, ఇనుము.

ఇక్కడ ‘గడియ’కు బదులు ‘తాళం’ పెట్టి చూడండి. తాళం బయటి నుంచి వేస్తారు, అప్పుడు ఇల్లు ఖాళీ. గడియ లోపలి నుంచి వేస్తారు. అంటే లోపల ఎవరో ఉన్నారు, మేలుకునే ఉన్నారు. పైగా గడియ అంటే 24 నిమిషాల పాత కాలమానం కూడా. రోజుకు 60 గడియలు. ఆమె కాలాన్ని లెక్కపెడుతోందన్న సూచన అడగకుండానే వచ్చి చేరింది. మన అలంకారికులు వ్యంజన అన్నది దీన్నే. తలుపు, తలపు అని శ్లేష చేయాలని కూడా చేయి దురద పెడుతుంది. అది ఇప్పటికే అరిగిపోయిన నాణెం, వదిలేయండి.

3. వేళ్ళ మీద లెక్కపెట్టండి

దీర్ఘం, సున్న ఉన్న అక్షరం, ద్విత్వానికో సంయుక్తానికో ముందున్న అక్షరం గురువులు, రెండు మాత్రలు. హ్రస్వాలు సాధారణంగా లఘువులు, ఒక్కో మాత్ర. బాణీ నడకలో ఒక్కో విడతకు ఎన్ని మాత్రలో చెప్పేది గతి: తిశ్రం 3, చతురశ్రం 4, ఖండం 5, మిశ్రం 7, సంకీర్ణం 9. మన బాణీ మిశ్రగతిలో 3+4గా నడుస్తోందనుకుందాం. ‘గడియ వేయని’ ఏడు, ‘తలుపు నీకై’ ఏడు. సరిపోయింది.

సరిపోయింది కానీ, ఆ ‘నీకై’ నాకు నచ్చలేదు. ఇంట్లో ఎవరూ అలా మాట్లాడరు. ‘నీకోసం’ అందామంటే రెండు మాత్రలు ఎక్కువ. ఇలాంటి చోట మాటను మార్చే ముందు, అసలది అవసరమా అని అడగాలి. గడియ తీసి ఉంచింది ఎవరికోసమో చెప్పకపోతే ఏమవుతుంది? ‘తలుపు గడియే వేయలేదూ’. మళ్ళీ ఏడూ ఏడూ. చెప్పింది తగ్గింది, తల్లి గొంతు వచ్చింది. ‘తలుపు తాళం’ అన్నా లెక్క కుదురుతుంది. ఎందుకు వద్దో పైన చూశాం.

4. నోట్లో వేసుకుని చూడండి

బాణీ సాగే చోట దీర్ఘం ఉండేలా చూసుకోండి. తెలుగులో అచ్చును సాగదీస్తే అర్థమే మారుతుంది. ‘మది’ని సాగదీస్తే ‘మాది’ అవుతుంది, ‘పడు’ను లాగితే ‘పాడు’ అవుతుంది. ‘వేయలేదు’ చివరి ఉకారాన్ని ఎంత లాగినా మరో మాట పుట్టదు, పైగా అది నిట్టూర్పులా వినిపిస్తుంది.

ల, మ, న, వ మెత్తగా జారుతాయి. ట, డ, ఒత్తులు తగులుతాయి. దీన్ని సూత్రంలా మాత్రం పట్టుకోవద్దు. మెత్తని అక్షరాలతో అన్న కఠినమైన మాట ఒక్కోసారి ఎక్కువ గుచ్చుతుంది.

5. పల్లవిని కదల్చకుండా దాని చుట్టూ ఉన్నవి మార్చండి

మొదటి చరణంలో కొడుకు వెళ్ళి ఒక్క పూటే అయింది. అప్పుడు ‘తలుపు గడియే వేయలేదూ’ అంటే మామూలు ఎదురుచూపు. రెండో చరణంలో ఏళ్ళు గడిచాయి; అదే పంక్తి ఇప్పుడు మొండితనం. మూడో చరణంలో అతను తిరిగి వచ్చాడు, తల్లి లేదు. ఒక్క అక్షరం మారలేదు.

ఇక చివరి పరీక్ష. బాణీ లేకుండా, గొంతులో నటన లేకుండా ఆ పంక్తిని ఎవరికైనా చదివి వినిపించండి. బాగుందా అని అడగవద్దు, మర్యాదకైనా బాగుందంటారు. ‘ఆ తలుపు లోపల ఎవరున్నారు?’ అని అడగండి. ‘ఎవరో పెద్దామె, నిద్రపోకుండా కూర్చుంది’ అన్నారా, రెండో పంక్తికి వెళ్ళవచ్చు.