ప్రైవేటు స్కూల్ ఫీజు భారం తగ్గించుకోవడం ఎలా? వరంగల్, ఉత్తర తెలంగాణ తల్లిదండ్రుల కోసం

సంక్రాంతి సెలవులు అయిపోయేసరికి హనుమకొండలో ఏ రోడ్డు మీద చూసినా స్కూళ్ల ఫ్లెక్సీలే. "స్కాలర్‌షిప్ టెస్ట్ రాయండి, 100 శాతం వరకు రాయితీ పొందండి" అని ఉంటుంది. వాటిని చూసి ఫీజు తగ్గాలంటే పిల్లలు పరీక్ష బాగా రాయడం ఒక్కటే దారి అనుకుంటారు చాలామంది. కానీ బడి చదువుకు మన దగ్గర దొరికే సాయంలో ఎక్కువ భాగం పిల్లల మార్కులను చూసి ఇచ్చేది కాదు. మీ కులం ఏంటి, ఆదాయం ఎంత, మీరు ఏం పని చేస్తారు, ఎక్కడ ఉద్యోగం అనేవాటిని బట్టి వస్తుంది. అందుకే ముందు మీ ఇంట్లో ఉన్న కాగితాలు తీసి చూసుకోండి, టెస్టుల సంగతి తర్వాత.

మొదటి పని: అసలు ఫీజు ఎంతో తెలుసుకోండి

అడ్మిషన్ కౌంటర్లో చెప్పే అంకె ట్యూషన్ ఫీజు మాత్రమే అయి ఉంటుంది. అడ్మిషన్ ఫీజు, పుస్తకాలు, యూనిఫాం, బస్సు, పరీక్ష ఫీజు, కొన్ని చోట్ల "డెవలప్‌మెంట్" పేరుతో ఇంకొంత, ఇవన్నీ కలిపి ఏడాదికి ఎంతవుతుందో ఒక కాగితం మీద రాసివ్వమని అడగండి. రాయితీ మాట వచ్చినప్పుడు ఇదే పనికొస్తుంది. ట్యూషన్ ఫీజు 40,000, పుస్తకాలు 8,000, బస్సు 15,000 అనుకుందాం, మొత్తం 63,000. "మీ పాపకు 50 శాతం స్కాలర్‌షిప్ వచ్చింది" అంటే తగ్గేది 20,000 మాత్రమే, ఇంకా 43,000 కట్టాలి. అంటే మీకు నిజంగా తగ్గింది మూడో వంతు కూడా లేదు. ఆ రాయితీ ఒక్క ఏడాదికేనా, ప్రతి ఏడాదీ ఉంటుందా, మార్కులు తగ్గితే తీసేస్తారా అన్నది కూడా అప్పుడే అడిగి రాయించుకోండి. నోటిమాటను నమ్ముకుంటే వచ్చే జూన్‌లో ప్రిన్సిపాల్ మారిపోవచ్చు, కొత్తాయన "నాకు తెలియదండీ" అంటే మన చేతిలో ఏమీ ఉండదు.

స్కూల్‌కు గుర్తింపు ఉందా, మీ పిల్లల తరగతి వరకు ఉందా అన్నది కూడా చూడండి. కొన్ని బ్రాంచీల్లో పిల్లలు కూర్చునేది ఒక చోట, రికార్డులో పేరు ఉండేది ఇంకో చోట. అలాంటప్పుడు ఏ స్కాలర్‌షిప్ దరఖాస్తు అయినా వెరిఫికేషన్ దగ్గర ఇరుక్కుంటుంది. యూడైస్ కోడ్ (ప్రతి స్కూల్‌కూ ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు నంబరు) ఎంత, ఏ స్కూల్ పేరు మీద ఉంది అని సూటిగా అడగండి. చెప్పడానికి వెనకాడితే ఆ స్కూల్ గురించి ఇంకోసారి ఆలోచించుకోవాల్సిందే.

రెండో పని: మీకు ఏది వర్తిస్తుందో చూసుకోండి

ఎస్సీ, ఎస్టీ కుటుంబాలు ముందు అడగాల్సింది బెస్ట్ అవైలబుల్ స్కూల్స్ పథకం గురించి. ప్రభుత్వం ఎంపిక చేసిన ప్రైవేటు స్కూళ్లలో పిల్లలను చేర్పించి ఫీజు ప్రభుత్వమే కడుతుంది. ఎస్సీ పిల్లలకు 1వ తరగతిలో డే స్కాలర్‌గా, 5వ తరగతిలో హాస్టల్‌తో సీట్లు ఉంటాయి. గిరిజన సంక్షేమ శాఖ నుంచి 3, 5, 8 తరగతులకు నోటిఫికేషన్లు వస్తుంటాయి. ప్రభుత్వం స్కూల్‌కు ఇచ్చేది డే స్కాలర్‌కు ఏడాదికి 28,000, హాస్టల్ పిల్లలకు 42,000. ఆదాయ పరిమితి పల్లెల్లో లక్షన్నర, పట్టణాల్లో 2 లక్షలు. ఇంటికి ఒక్కరికే అవకాశం. మే, జూన్ నెలల్లో పేపర్ల జిల్లా పేజీల్లో చిన్న వార్తగా వస్తుంది, వారం పది రోజులే గడువు ఉంటుంది, అది దాటితే మళ్లీ ఏడాది ఆగాలి. ఎంపిక లాటరీ పద్ధతిలో, తల్లిదండ్రుల ముందే తీస్తారు కాబట్టి "సీటు ఇప్పిస్తా" అని పైసలు అడిగేవాళ్లను దగ్గరికి రానీయకండి. హైదరాబాద్ పబ్లిక్ స్కూల్‌లో 1వ తరగతి సీట్లకు కూడా ఎస్సీ, ఎస్టీ శాఖలు ఇలాగే జిల్లాల నుంచి దరఖాస్తులు తీసుకుంటాయి.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. 2021లో వరంగల్ అర్బన్ జిల్లా హనుమకొండ అయింది, రూరల్ వరంగల్ అయింది, మండలాలు కూడా అటూ ఇటూ మారాయి. కాజీపేట వాళ్లది హనుమకొండ జిల్లా, ఖిలా వరంగల్ వాళ్లది వరంగల్ జిల్లా. పాత సర్టిఫికెట్ మీద పాత జిల్లా పేరే ఉంటుంది. దరఖాస్తు ఏ కలెక్టరేట్‌లో ఇవ్వాలో ముందే కనుక్కుంటే చివరి రోజు ఒక ఆఫీసు నుంచి ఇంకో ఆఫీసుకు పరుగెత్తే టెన్షన్ ఉండదు.

ఎస్సీ పిల్లల్లో 8వ తరగతి, 10వ తరగతి చదువుతున్నవాళ్లకు కేంద్రం నడిపే శ్రేష్ఠ పథకం ఉంది. దేశవ్యాప్తంగా ప్రవేశ పరీక్ష పెట్టి 9వ తరగతి, 11వ తరగతిలో పేరున్న సీబీఎస్‌ఈ ప్రైవేటు రెసిడెన్షియల్ స్కూళ్లలో సీటు ఇస్తారు. 9వ తరగతికి లక్ష రూపాయలు, 12వ తరగతికి 1,35,000 వరకు కేంద్రమే స్కూల్‌కు చెల్లిస్తుంది. ఆదాయ పరిమితి రెండున్నర లక్షలు. మన జిల్లాల్లో దీని గురించి తెలిసినవాళ్లు చాలా తక్కువ, అందుకే ఇంతగా చెబుతున్నాను. మీ పక్కింట్లో అలాంటి పిల్లలు ఉంటే దయచేసి చెప్పండి.

బీసీలకు, ఈబీసీలకు (ఆర్థికంగా వెనకబడిన వర్గాలు) కేంద్రం ఇచ్చే పీఎం యశస్వి స్కాలర్‌షిప్ ఉంది. కేంద్రం జాబితాలో ఉన్న స్కూల్‌లో 9, 10 తరగతులు చదివేవాళ్లకు ఏడాదికి 75,000 వరకు, 11, 12 తరగతులకు 1,25,000 వరకు ఇస్తారు. ఇక్కడ కూడా ఆదాయం రెండున్నర లక్షలు దాటకూడదు. జాబితాలో లేని స్కూల్ అయితే ఎంత మార్కులొచ్చినా ఇది రాదు, కాబట్టి 8వ తరగతిలో ఉండగానే జాబితా చూసుకోండి.

బీడీలు చుట్టే అమ్మల పిల్లలకు వేరే స్కాలర్‌షిప్ ఉంది. నిజామాబాద్, కామారెడ్డి, జగిత్యాల, సిరిసిల్ల వైపు ఇంటింటికీ ఈ పని ఉంది. బీడీ కార్మికురాలిగా గుర్తింపు కార్డు ఉండి, కనీసం ఆరు నెలలు పని చేసి ఉంటే కార్మిక శాఖ 1 నుంచి 4వ తరగతి వరకు ఏడాదికి 1,000, 5 నుంచి 8 వరకు 1,500, 9, 10 తరగతులకు 2,000 రూపాయలు ఇస్తుంది. ఫీజు ముందు ఇది ఎంత అనిపిస్తుంది, నిజమే. కానీ పుస్తకాల ఖర్చులో కొంతైనా వస్తుంది, పైగా పిల్లలు ఇంజనీరింగ్, మెడిసిన్ లాంటి వృత్తి విద్యా కోర్సుకు వెళ్తే ఇదే పథకంలో 25,000 వరకు ఉంటుంది. అందుకే కార్డును రెన్యువల్ లేకుండా వదిలేయకండి.

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు, కాజీపేట రైల్వే వాళ్లకు, పోస్టల్ వాళ్లకు, పిల్లల చదువు భత్యం నెలకు 2,812 రూపాయల 50 పైసల చొప్పున ఇద్దరు పిల్లల వరకు వస్తుంది. 2024 జనవరి నుంచి ఉన్న రేటు ఇది. బోనఫైడ్ సర్టిఫికెట్ పెడితే సరిపోతుంది, ప్రతి రసీదూ అక్కర్లేదు. సింగరేణి, ఎన్టీపీసీ, బ్యాంకుల్లో చేసేవాళ్లు తమ పర్సనల్ విభాగంలో ఏమేం ఉన్నాయో అడగాలి, కాంట్రాక్టు వాళ్లు కూడా అడగాలి, అడిగితే పోయేదేమీ లేదు. అక్రిడిటేషన్ ఉన్న జర్నలిస్టుల పిల్లలకు ఫీజులో 50 శాతం రాయితీ ఇవ్వమని డీఈఓలు (జిల్లా విద్యాశాఖ అధికారులు) సర్క్యులర్లు ఇస్తుంటారు, దాని కాపీ తీసుకుని స్కూల్‌కు వెళ్లండి.

వీటిలో ఏదీ మీకు రాకపోతే బ్యాంకుల ఫౌండేషన్లు మిగులుతాయి. హెచ్‌డీఎఫ్‌సీ బ్యాంకు పరివర్తన్ స్కాలర్‌షిప్ ప్రైవేటు బడి పిల్లలకు కూడా ఇస్తారు, ఎస్‌బీఐ ఫౌండేషన్ ఆశా స్కాలర్‌షిప్‌కు కిందటి తరగతిలో 75 శాతం మార్కులు అడుగుతున్నారు. వీటి నిబంధనలు ఏటా మారుతుంటాయి, ఆ ఏడాది ప్రకటన చదివే పెట్టండి.

విద్యాహక్కు చట్టం కింద ప్రైవేటు స్కూళ్లలో 25 శాతం సీట్లు పేద పిల్లలకు ఇవ్వాలని 2009 చట్టంలోనే ఉంది. పక్క రాష్ట్రాల్లో పిల్లలు చేరుతున్నారు, మన దగ్గర మాత్రం ఇన్నేళ్లుగా సరిగ్గా అమలు కాలేదు, ఇది మన పిల్లలకు జరిగిన అన్యాయం. చేరే ముందు ఎంఈఓ (మండల విద్యాశాఖ అధికారి) ఆఫీసులో ఈ సీట్ల గురించి తప్పకుండా అడగండి. కేంద్రం ఇచ్చే మెరిట్ స్కాలర్‌షిప్ కోసం పెట్టే ఎన్‌ఎంఎంఎస్ పరీక్ష మాత్రం ప్రభుత్వ, ఎయిడెడ్ బడుల పిల్లలకే, ప్రైవేటు వాళ్లు రాయడానికి లేదు.

మూడో పని: కాగితాలు, బ్యాంకు ఖాతా

చాలా దరఖాస్తులు ఆగేది ఇక్కడే. ఆదాయ సర్టిఫికెట్ కోసం మీసేవలో ఏప్రిల్‌లోనే దరఖాస్తు పెట్టండి, జూన్‌లో తహసీల్దార్ ఆఫీసుల దగ్గర రద్దీ చెప్పలేం. తర్వాత పేర్లు సరిచూడండి. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా, స్కూల్ రికార్డులో ఒక్క అక్షరంగా, బ్యాంకు పాస్‌బుక్‌లో అసలు లేకుండా ఉండటం మన ఇళ్లలో మామూలే. కంప్యూటర్ దృష్టిలో వాళ్లు ముగ్గురు వేరు వేరు పిల్లలు. పుట్టిన తేదీ కూడా అంతే. ముందు స్కూల్ రికార్డూ ఆధారూ ఒకేలా చేయించండి, తర్వాతే దరఖాస్తు.

బ్యాంకు ఖాతా విషయంలో ఇంకో తేడా ఉంది. "మా ఖాతాకు ఆధార్ లింక్ అయింది" అని అందరూ అంటారు, అది కేవైసీ కోసం ఇచ్చిన జిరాక్స్ అయి ఉంటుంది. స్కాలర్‌షిప్ పైసలు పడాలంటే ఎన్‌పీసీఐ మ్యాపింగ్ అయి ఉండాలి, అంటే మీ ఆధార్ నంబరు మీద వచ్చే పైసలు ఏ బ్యాంకుకు వెళ్లాలో నమోదై ఉండాలి, దాన్నే ఆధార్ సీడింగ్ అంటారు. ఆధార్ వెబ్‌సైట్‌లో బ్యాంక్ సీడింగ్ స్టేటస్ చూస్తే ఏ బ్యాంకు పేరు ఉందో తెలుస్తుంది. ఎప్పుడో తెరిచి మరిచిపోయిన ఖాతా కనిపిస్తే, మీరు వాడే బ్యాంకుకు వెళ్లి సీడింగ్ ఫారం ఇచ్చి మార్పించుకోండి. లేకపోతే పైసలు ఆ పాత ఖాతాలో పడతాయి, లేదా అసలు పడవు.

నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో (కేంద్ర స్కాలర్‌షిప్‌లకు దరఖాస్తు పెట్టే వెబ్‌సైట్) మీరు సబ్మిట్ చేయగానే పని అయిపోదు. స్కూల్‌లో నోడల్ అధికారి లాగిన్ అయి వెరిఫై చేయాలి. ప్రైవేటు స్కూళ్లలో చాలాసార్లు ఆ పని ఎవరిదో వాళ్లకే తెలియదు. ఆఫీసులో కూర్చుని, వెరిఫై అయినట్టు స్టేటస్ మారేవరకు వారానికోసారి గుర్తుచేయండి, మొహమాటపడితే గడువు దాటిపోతుంది.

నాలుగో పని: స్కూల్‌ను రాతపూర్వకంగా అడగండి

అన్నదమ్ములు, అక్కాచెల్లెళ్లు అదే స్కూల్‌లో ఉంటే రాయితీ, ఏడాది ఫీజు ఒకేసారి కడితే రాయితీ, తండ్రి లేని పిల్లలకు రాయితీ, ఇలాంటివి చాలా స్కూళ్లలో ఉంటాయి, అయితే అడిగినవాళ్లకే ఇస్తారు. కౌంటర్లో గుమాస్తాను బతిమాలడం వల్ల లాభం లేదు, ఆయన చేతిలో ఏమీ ఉండదు. కరస్పాండెంట్‌నో ప్రిన్సిపాల్‌నో ఫిబ్రవరి, మార్చిలో కలవండి, అప్పటికి వాళ్లకు సీట్లు నిండలేదు. ఒక చిన్న అర్జీ ఇవ్వండి:

"గౌరవనీయులైన ప్రిన్సిపాల్ గారికి, మా అమ్మాయి మీ స్కూల్‌లో 4వ తరగతి చదువుతోంది. చిన్నవాడిని ఈ ఏడాది 1వ తరగతిలో చేర్పించాలనుకుంటున్నాం. మా నెల ఆదాయం ఇంత, ఆదాయ సర్టిఫికెట్ జతచేశాం. ఇద్దరికీ కలిపి ట్యూషన్ ఫీజులో రాయితీ ఇవ్వాలని, మిగిలిన మొత్తాన్ని నెలవారీగా కట్టుకునే వీలు కల్పించాలని కోరుతున్నాం."

ఎంత కట్టగలరో మీరే ఒక అంకె చెప్పండి. "ఏదో చూడండి సార్" అంటే వాళ్లు వెయ్యి రూపాయలు తగ్గించి పంపిస్తారు. ఒప్పుకున్నది అదే అర్జీ మీద రాయించి సంతకం తీసుకోండి. యూనిఫాం, బూట్లు స్కూల్‌లోనే కొనాలని పట్టుబడితే ఒప్పుకోకండి, స్కూళ్లలో వాటిని అమ్మకూడదని డీఈఓలు చెబుతూనే ఉంటారు. పాత పుస్తకాలు పై తరగతి పిల్లల దగ్గర అడిగి తెచ్చుకోవడం నామోషీ కాదు.

ఐదో పని: మిగిలిన పైసలు ఎక్కడి నుంచి

స్కూల్ జూన్‌లో ఫీజు అడుగుతుంది, స్కాలర్‌షిప్ ఎప్పుడో చలికాలం దాటాక పడుతుంది, ఒక్కోసారి అదీ ఉండదు. అందుకే వచ్చే పైసలను లెక్కలో కలపకుండా ఫీజు ప్లాన్ చేసుకోండి, వచ్చినప్పుడు వచ్చే ఏడాది కోసం పక్కన పెట్టండి. చిట్టీ వేస్తే రిజిస్టర్ అయిన చిట్టీయే వేయండి, మన ఊళ్లో చిట్టీల పేరుతో మునిగిన కుటుంబాలు తక్కువేమీ కాదు. ఫోన్ యాప్‌లలో అప్పు తీసుకుని ఫీజు కట్టకండి. స్కూలే చూపించే "వడ్డీ లేని ఈఎంఐ" అయితే ప్రాసెసింగ్ ఫీజు ఎంత, మధ్యలో స్కూల్ మానేస్తే మిగతా వాయిదాలు ఎవరు కట్టాలి అని చదివాకే సంతకం పెట్టండి, ఎందుకంటే ఆ అప్పు మీ పేరు మీద ఉంటుంది, స్కూల్ పేరు మీద కాదు.

ఆదాయపు పన్ను కట్టేవాళ్లు పాత విధానంలో ఉంటే, ఉద్యోగులందరూ 80సి అని పిలుచుకునే మినహాయింపులో ఇద్దరు పిల్లల ట్యూషన్ ఫీజు చూపించవచ్చు, పీఎఫ్, ఎల్ఐసీలతో కలిపి లక్షన్నర వరకు. బస్సు, డొనేషన్ అందులోకి రావు, కాబట్టి రసీదులో ట్యూషన్ ఫీజు విడిగా కనిపించేలా రాయించుకోండి.

పిల్లలు 4వ తరగతిలో ఉంటే గురుకులాలకు, 5వ తరగతిలో ఉంటే మామునూరు నవోదయకు కూడా దరఖాస్తు పెట్టి ఉంచండి. సీటు వస్తే చేర్చాలా వద్దా అన్నది అప్పుడు మీ ఇష్టం.

చివరగా, బెస్ట్ అవైలబుల్ స్కూల్‌లో సీటు వచ్చిన పిల్లల గురించి. ప్రభుత్వం నుంచి బకాయిలు రాలేదని కొన్ని స్కూళ్లు పిల్లలను వెనక్కి పంపించిన సందర్భాలు ఉన్నాయి, పుస్తకాలు ఇవ్వకుండా కూర్చోబెట్టిన చోట్లూ ఉన్నాయి. ఆ పైసలు స్కూల్‌కూ ప్రభుత్వానికీ మధ్య లెక్క, పిల్లలను అందులోకి లాగడం తప్పు. అలా జరిగితే అప్పు చేసి కట్టేయకండి. సీటు కేటాయించిన కాగితం జిరాక్స్ పెట్టి, ఏ రోజు ఎవరు ఏమన్నారో రాసి, జిల్లా ఎస్సీ లేదా గిరిజన సంక్షేమ అధికారికి ఒకటి, సోమవారం కలెక్టరేట్ ప్రజావాణిలో ఒకటి ఇవ్వండి. అదే స్కూల్‌లో ఉన్న మిగతా తల్లిదండ్రులను కూడా తీసుకెళ్లండి. దరఖాస్తుకు ఇచ్చే రసీదు నంబరు రాసిపెట్టుకుని, సమాధానం రాకపోతే మళ్లీ వచ్చే సోమవారం అదే నంబరుతో వెళ్లండి.