కెర్నల్ బూట్‌లోనే రీసెట్ అవుతోందా? సీఆర్3 దగ్గర మొదలుపెట్టి కిందికి నడవండి

మాది మిర్యాలగూడ వైపు, సాగర్ ఎడమ కాలువ కింద చివరి భూములు. నీళ్లు రాకపోతే మా నాన్న పొలం గట్టు మీద కూర్చోడు, మేజర్ కాలువ దగ్గరకు పోయి అక్కడి నుంచి మైనర్, తూము, పంట కాలువ వెంట దిగుతూ ఎక్కడ ఆగిందో చూస్తాడు. పేజీ టేబుల్, అంటే ప్రోగ్రామ్ వాడే వర్చువల్ అడ్రస్‌ని మెమరీలోని అసలు (ఫిజికల్) అడ్రస్‌కి మార్చే పట్టికల్లో, తప్పు పట్టుకోవడం కూడా ఇదే పని. అక్కడ మొదలు సీఆర్3, పై టేబుల్ ఎక్కడుందో చెప్పే సీపీయూ రిజిస్టర్. 64 బిట్ ఎక్స్86లో మామూలుగా నాలుగు మెట్లు, ఒక్కోదానిలో 512 గదులు, పైన ఏ ఒక్క గది తప్పినా కింద అంతా ఎండుతుంది.

సొంతంగా చిన్న కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెకాయ) రాసుకుంటూ నాకు నాలుగు రోజులు పట్టిన తప్పు ఒకటి ఉంది, దాన్నే ఉదాహరణగా తీసుకుంటాను. అసెంబ్లీలో కట్టిన మొదటి టేబుల్స్‌తో అంతా నడిచింది. తర్వాత సీ కోడ్‌లో కొత్త టేబుల్స్ కట్టి సీఆర్3లో పెట్టగానే క్యూఎము (పీసీని అనుకరించే ఎమ్యులేటర్) మళ్లీ మొదటి నుంచి బూట్ అయ్యేది, స్క్రీన్ మీద ఒక్క అక్షరం లేదు. పేజ్ ఫాల్ట్ (అడ్రస్‌ని టేబుల్స్ ఒప్పుకోనప్పుడు సీపీయూ ఇచ్చేది) వచ్చింది, దాన్ని పట్టుకునే ఐడీటీ, అంటే ఏ ఫాల్ట్‌కి ఏ కోడ్ నడవాలో చెప్పే పట్టిక, ఇంకా లేదు, కాబట్టి డబుల్ ఫాల్ట్, అదీ కుదరక ట్రిపుల్ ఫాల్ట్, ఆ తర్వాత రీసెట్.

ముందు కేవీఎం (అసలు సీపీయూ మీదే నడిపే పద్ధతి) తీసేసి టీసీజీతో (క్యూఎము తనే సాఫ్ట్‌వేర్‌లో అనుకరించే పద్ధతి) నడపండి, ఎందుకంటే ఇంటరప్ట్ లాగ్ కేవీఎం కింద రాదు. నో-రీబూట్ పెట్టండి, లాగ్ ఆప్షన్లలో ఇంట్, సీపీయూ రీసెట్ రెండూ ఆన్ చేసి ఫైల్‌లోకి పంపండి. ఫైల్ మొదట్లో బయోస్ గోల మస్తు ఉంటుంది, దాన్ని వదిలేసి చివరి నుంచి పైకి రండి. మీకు కావాల్సింది ట్రిపుల్ ఫాల్ట్ కాదు, దానికి దారి తీసిన వెక్టర్ 14 (పేజ్ ఫాల్ట్ నంబర్), లాగ్‌లో హెక్సాలో 0ఈ అని ఉంటుంది. ఆ లైన్‌లో ఎర్రర్ కోడ్, ఐపీ (నడుస్తున్న ఇన్‌స్ట్రక్షన్ అడ్రస్), సీఆర్2 (ఫాల్ట్ తెచ్చిన అడ్రస్) మూడూ కాగితం మీద రాసుకోండి.

ఎర్రర్ కోడ్ దగ్గర తొందరపడొద్దు, సగం జవాబు అక్కడే ఉంది. 0 అంటే మ్యాపింగే లేని చోట చదివారు, 2 అంటే అలాంటి చోటే రాశారు, 3 అంటే మ్యాపింగ్ ఉంది కానీ రాసే అనుమతి లేదు. నాకు వచ్చింది 9, అంటే గది నిండే ఉంది కానీ సున్నాగా ఉండాల్సిన రిజర్వ్‌డ్ బిట్ ఒకటి అందులో వెలుగుతోంది. పైగా సీఆర్2, ఐపీ ఒకటే, అంటే తర్వాతి ఇన్‌స్ట్రక్షన్‌ని తెచ్చుకోవడమే కుదరలేదు.

ఇక నడక. క్యూఎము మానిటర్‌లో 'ఇన్ఫో రిజిస్టర్స్' కొడితే సీఆర్3 కనిపిస్తుంది, అది ఫిజికల్ అడ్రస్, కాబట్టి మెమరీ చూడ్డానికి వర్చువల్ అడ్రస్ తీసుకునే 'ఎక్స్' కాదు, ఫిజికల్ తీసుకునే 'ఎక్స్‌పీ' వాడాలి. కెర్నల్‌ని వర్చువల్ అడ్రస్‌ల చిట్టచివరి 2 జీబీలో లింక్ చేసి ఉంటే పై టేబుల్‌లో 511వ గది చూడాలి, గదికి 8 బైట్లు కాబట్టి సీఆర్3కి 4088 కలపండి. అందులోని విలువకి కింది 12 బిట్లు తీసేస్తే రెండో టేబుల్ అడ్రస్, అక్కడ 510వ గది, అంటే 4080 కలపాలి. నా 511వ గదిలో విలువ హెక్సాలో మొదలంతా ఎఫ్‌లే! సీ వేరియబుల్ అడ్రస్‌ని అలాగే రాసేశాను, అది వర్చువల్ అడ్రస్, గదిలో ఉండాల్సింది ఫిజికల్. కెర్నల్ వర్చువల్ బేస్ (మొదలు అడ్రస్) తీసేసి రాయగానే దాటింది. లినక్స్ కోడ్‌లో ఫిజికల్ అడ్రస్‌కి మార్చే చిన్న మాక్రో అన్నిచోట్లా ఎందుకు కనిపిస్తుందో నాకు ఆ రోజే అర్థమైంది.

9 వచ్చినప్పుడు ఇంకో అనుమానితుడు ఎన్ఎక్స్ బిట్, అంటే ఆ పేజీలో కోడ్ నడవకూడదని చెప్పే 63వ బిట్. ఈఎఫ్ఈఆర్‌లో (సీపీయూ రిజిస్టర్) దాన్ని అనుమతించే ఎన్ఎక్స్ఈ ఆన్ చేయకముందే ఆ బిట్ పెడితే అదీ రిజర్వ్‌డ్ కిందికే వస్తుంది. పేజింగ్ ఆన్ చేసిన క్షణంలోనే, కోడ్ 0తో పోతుంటే మాత్రం ఐడెంటిటీ మ్యాపింగ్ (వర్చువల్, ఫిజికల్ అడ్రస్ ఒకటే అయ్యేది) మరిచిపోయి ఉంటారు, ఎందుకంటే ఆ క్షణానికి సీపీయూ ఇంకా కింది అడ్రస్‌లోనే నడుస్తోంది.

'ఇన్ఫో మెమ్', 'ఇన్ఫో టీఎల్‌బీ' కూడా మంచివే. టీఎల్‌బీ అంటే సీపీయూ ఇదివరకే మార్చి దాచుకున్న అడ్రస్‌ల నిల్వ. రెండోది పేరుకి టీఎల్‌బీ అయినా నిజానికి మీ టేబుల్స్‌నే నడిచి చూపిస్తుంది, కాబట్టి ఇన్‌వీఎల్‌పీజీ (ఆ నిల్వలో పాతదాన్ని చెరిపే ఇన్‌స్ట్రక్షన్) మరిచిపోయిన తప్పు అందులో కనపడదు.

ప్రింట్ కావాలంటే వీజీఏ (స్క్రీన్) మెమరీలో రాయకండి, అది మ్యాప్ కాకపోతే ప్రింటే ఇంకో ఫాల్ట్ తెస్తుంది. క్యూఎము డీబగ్‌కాన్ (పోర్టుకి పంపిన బైట్లని బయట చూపించేది) ఆన్ చేసి ఈ9 పోర్టుకి ఒక్కో బైటు పంపండి, పోర్టులకి పేజ్ టేబుల్‌తో పనే లేదు. జీడీబీ డీబగ్గర్ వాడితే హార్డ్‌వేర్ బ్రేక్‌పాయింటే పెట్టండి, మామూలుది ఇంకా మ్యాప్ కాని అడ్రస్‌లో రాయబోయి ఫెయిల్ అవుతుంది. లినక్స్ కెర్నల్ అయితే నోకేఏఎస్ఎల్ఆర్ (బూట్ బూట్‌కీ కెర్నల్ అడ్రస్ మారకుండా ఆపే ఆప్షన్) తప్పనిసరి, లేకపోతే సింబల్స్ కలవవు.

అంతా నడిచాక మెమరీ సైజు మార్చి చూడండి. క్యూఎము పాత పీసీ మెషీన్‌కి 4 జీబీ ఇస్తే 3 జీబీయే కింద ఉంటుంది, మిగతాది 4 జీబీ గీత దాటాక మొదలవుతుంది, మధ్యలో ర్యామ్ లేదు. 128 ఎంబీతో హాయిగా నడిచిన కోడ్ అక్కడ పడిపోతే ఫర్మ్‌వేర్ ఇచ్చిన ఈ820 పట్టికని (ఏ అడ్రస్‌లో ర్యామ్ ఉందో చెప్పేది) సరిగా చదవలేదన్నమాట. ఆ తర్వాతే కేవీఎం మళ్లీ ఆన్ చేయండి.