గర్భసంచి ఆపరేషన్‌కి వెళ్లేముందు: ఏది తీస్తారు, ఏది ఉంచుతారు?

వేసవి సెలవులు దగ్గరపడుతున్నాయంటే వైజాగ్‌లో చాలా ఇళ్లలో ఒక మాట వినిపిస్తుంది. "పిల్లలకి బడి ఉండదు, అమ్మ వచ్చి రెండు నెలలు ఉంటుంది, ఈ ఎండాకాలంలోనే గర్భసంచి తీయించేసుకుంటే పోతుంది." మా అక్క కూడా అలాగే నిర్ణయించుకుంది. గాజువాకలో ఉంటుంది, అప్పటికి తనకి 38 ఏళ్లు. నెలనెలా బ్లీడింగ్ ఎక్కువ, నడుం నొప్పి, స్కానింగ్‌లో చిన్న గడ్డ కనిపించింది. ఆపరేషన్ బాగానే అయ్యింది, కుట్లు మానాయి, రెండో నెలకల్లా వంటింట్లోకి వచ్చేసింది. ఆ తర్వాత మొదలయ్యాయి అసలు బాధలు. ఒంట్లోంచి ఒక్కసారిగా ఆవిర్లు, రాత్రి మూడింటికి లేచి తడిసిపోయిన జాకెట్టు మార్చుకోవడం, మోకాళ్ల నొప్పులు, కారణం లేకుండా ఏడుపు. వైజాగ్ ఉక్కపోత కదా, అందరికీ ఉండేదే అనుకున్నాం. రెండేళ్లు అలాగే అనుకున్నాం.

చివరికి ఇంకో డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్తే పాత కాగితాలు అడిగారు. బీరువాలో పట్టుచీరల కింద పాలిథిన్ కవర్లో ఉన్న డిశ్చార్జ్ కాగితం తీసి ఇస్తే, ఆవిడ అందులో ఒక లైను కింద పెన్నుతో గీత గీసి మాకు చూపించారు. "టీఏహెచ్ విత్ బీఎస్ఓ." టీఏహెచ్ అంటే పొట్ట కోసి గర్భసంచి మొత్తం తీయడం. బీఎస్ఓ అంటే రెండు వైపులా ట్యూబులు, అండాశయాలు కూడా తీసేయడం. అక్క నా మొహం చూసింది. గర్భసంచి తీశారని తెలుసు గానీ, అండాశయాలు పోయాయని తనకే తెలీదు. ఫారం మీద సంతకం బావగారిది. ఆయన చదవలేదు, ఎవరూ చదివి చెప్పలేదు.

ఏ ఆసుపత్రి అని అడగకండి, అది చెప్పడానికి రాయడం లేదు. అప్పట్నుంచి మా చుట్టాల్లో, వీధిలో ఎవరు ఈ ఆపరేషన్ అన్నా నేను వెంట వెళ్తున్నాను, డాక్టర్లని అడిగి తెలుసుకున్నవి మీకు చెబుతున్నాను.

మన మాటల్లోనే ఒక చిక్కుంది. లోపల ఉన్న నాలుగు వేర్వేరు వాటికి కలిపి మనం ఒకే మాట వాడతాం, "గర్భసంచి" అని. అసలు గర్భసంచి తలకిందులుగా పెట్టిన జామకాయలా ఉంటుంది, 7, 8 సెంటీమీటర్ల పొడవు, పిల్లలు కడుపులో లేనప్పుడు వంద గ్రాములు కూడా తూగదు. దాని కింది భాగం సన్నగా మెడలా యోనిలోకి దిగుతుంది, అది సర్విక్స్, గర్భాశయ ముఖద్వారం. పైన రెండు పక్కలా సుమారు 10 సెంటీమీటర్ల ట్యూబులు, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసేటప్పుడు ముడేసేది వీటినే. ఆ ట్యూబుల చివర్ల దగ్గర, ఒక్కోటి బాదంకాయంత, రెండు అండాశయాలు. హార్మోన్లు తయారయ్యేది ఈ అండాశయాల్లో, గర్భసంచిలో కాదు. కాబట్టి గర్భసంచి ఒక్కటే తీస్తే నెలసరి ఆగుతుంది, హార్మోన్లు నడుస్తూనే ఉంటాయి (ముట్లుడగడం కాస్త ముందుగా రావచ్చు, అది వేరే సంగతి). అండాశయాలు కూడా తీస్తే ఆ రోజు నుంచే ముట్లుడిగినట్టు. మెల్లమెల్లగా ఏళ్ల తరబడి జరగాల్సింది ఒక్క పూటలో జరిగిపోతుంది. 45 లోపు అలా అయితే ఎముకలు గుల్లబారడం, గుండె జబ్బు వచ్చే అవకాశం పెరుగుతాయి. క్యాన్సర్ ఉన్నా, అండాశయంలో అనుమానం కలిగించే గడ్డ ఉన్నా, వంశంలో అండాశయ క్యాన్సర్ తెచ్చే జన్యుదోషం ఉందని పరీక్షలో తేలినా తీయాల్సి వస్తుంది, అప్పుడు తీయించుకోవాలి కూడా. "ఎలాగూ లోపలికి వెళ్తున్నాం కదా" అన్నది మాత్రం కారణం కాదు. ట్యూబుల సంగతి వేరు, అవి తీస్తే అండాశయ క్యాన్సర్ వచ్చే అవకాశం తగ్గుతుందని ఇప్పుడు చాలామంది డాక్టర్లు ట్యూబులు తీసి అండాశయాలు ఉంచుతున్నారు. దానికి భయపడక్కర్లేదు.

కాబట్టి మొదటి జాగ్రత్త: కన్సెంట్ ఫారం (ఆపరేషన్ ఒప్పుకోలు కాగితం) మీద ఏమేం తీస్తారో పేరుపేరునా రాయించుకుని, మీరే చదివి, మీరే సంతకం పెట్టండి. గర్భసంచి, సర్విక్స్, ట్యూబులు, అండాశయాలు, నాలుగింటికీ "తీస్తారు", "ఉంచుతారు" అని వేరువేరుగా అడగండి. ఇంగ్లీషులో ఉంటే తెలుగులో చెప్పమనండి. తెల్లవారితే ఆపరేషన్ అనగా రాత్రి పది గంటలకి సిస్టర్ వచ్చి "ఇక్కడ, ఇక్కడ, ఇక్కడ పెట్టండి" అంటే పెట్టేయడం కాదు, ముందు రోజు ఓపీలోనే అడిగి తేల్చుకోండి. ఇది గొంతెమ్మ కోరిక కాదు, చట్టం. ఢిల్లీలో సమీరా కోహ్లీ అనే ఆవిడకి లోపల చూడ్డానికి మాత్రమే అని మత్తిచ్చి, ఆవిడ స్పృహలో లేనప్పుడు వాళ్లమ్మగారి చేత సంతకం పెట్టించి గర్భసంచి, అండాశయాలు అన్నీ తీసేశారు. 2008లో సుప్రీంకోర్టు చెప్పింది, ప్రాణం మీదికి వచ్చిన పరిస్థితి కానప్పుడు మేజరైన మనిషికి ఆపరేషన్ చేయాలంటే ఆ మనిషి ఒప్పుకోవాలి, తల్లి సంతకం చెల్లదు, పరీక్షకి ఇచ్చిన ఒప్పుకోలు ఆపరేషన్‌కి చెల్లదు అని. మొగుడి సంతకమైనా అంతే.

ఇక దానికన్నా ముందు అడగాల్సింది, అసలు ఈ ఆపరేషన్ ఇప్పుడు అవసరమా అని. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో దేశం మొత్తం మీద నూటికి సుమారు ముగ్గురికి గర్భసంచి తీసేసి ఉంటే, మన ఆంధ్రాలో నూటికి దాదాపు తొమ్మిది మందికి తీసేసి ఉంది. మన ఆడవాళ్లకి మూడింతల జబ్బులు ఉన్నాయా? తెల్లబట్ట అవుతోందని, నడుం నొప్పని, "పిల్లలు పుట్టేశారుగా, ఇంక దాంతో పనేంటి, రేపు క్యాన్సరవుతుంది" అని తీయించేస్తున్నారు. తెల్లబట్ట ఇన్‌ఫెక్షన్ అయితే మందులతో తగ్గుతుంది. గర్భసంచి కండలో పెరిగే మామూలు ఫైబ్రాయిడ్ గడ్డ క్యాన్సరవడం చాలా అరుదు, ముట్లుడిగాక చాలావాటికి అవే కుంచించుకుపోతాయి. బ్లీడింగ్ ఎక్కువుంటే మాత్రలున్నాయి, గర్భసంచిలో పెట్టే హార్మోన్ లూప్ ఉంది, అది ఐదేళ్లకి తక్కువ కాకుండా పనిచేస్తుంది, గడ్డ ఒక్కటే తీసే ఆపరేషన్ ఉంది. ఇవన్నీ చూశాక కూడా తగ్గకపోతే అప్పుడు తీయించుకోవడంలో తప్పేమీ లేదు, దాంతో ప్రాణం తెరిపిన పడ్డవాళ్లని చూశాను.

రెండో డాక్టరుకి చూపించుకోండి. వైజాగ్‌లో ప్రభుత్వ ఆసుపత్రులైన కేజీహెచ్‌లో గానీ వన్‌టౌన్ వైపు ఘోషాసుపత్రిలో గానీ ఓపీ చీటీ తీసుకుని చూపించుకుంటే మీ ఆపరేషన్ మీద వాళ్లకి వచ్చే లాభం ఏమీ లేదు, ఉన్నది చెబుతారు, క్యూలో ఒక పూట పోతుంది అంతే. అనవసరంగా గర్భసంచులు తీయకూడదని 2022లో కేంద్రం మార్గదర్శకాలు ఇచ్చింది, వాటిని మూడు నెలల్లో అమలు చేయమని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాష్ట్రాలకి చెప్పింది. కాబట్టి రెండో మాట అడిగారని ఏ డాక్టరైనా కోప్పడితే అక్కడి నుంచి లేచి వచ్చేయండి.

ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతున్నా, ముట్లుడిగి ఏడాది దాటాక మళ్లీ రక్తం కనిపిస్తే, అది ఒక్క చుక్కే అయినా, ఆగకండి, ఆలోచించకండి, ఆ వారంలోనే వెళ్లి పరీక్ష చేయించుకోండి. పైన చెప్పిన నిదానం దీనికి వర్తించదు.

ఆపరేషన్ ఖాయమయ్యాక, డాక్టరుకి మీ పాత చరిత్ర దాచకండి. ఎన్ని సిజేరియన్లు అయ్యాయో చెప్పండి, ఎందుకంటే మూత్రాశయం గర్భసంచికి ముందువైపు ఆనుకునే ఉంటుంది, పాత కుట్ల దగ్గర రెండూ అతుక్కుపోయి ఉండొచ్చు. కిడ్నీ నుంచి వచ్చే మూత్రనాళం సర్విక్స్ పక్కన సుమారు రెండు సెంటీమీటర్ల దూరంలో, గర్భసంచికి రక్తం తెచ్చే నాళం కిందుగా పోతుంది. సర్జన్ ఆ రక్తనాళాన్ని కట్టి కోసేది సరిగ్గా అక్కడే. ఇది ఎందుకు చెబుతున్నానో కిందకి వచ్చాక తెలుస్తుంది. కీహోల్‌లో, అంటే పొట్ట మీద చిన్న రంధ్రాల్లోంచి చేస్తామంటే, గడ్డని లోపల ముక్కలు చేసి తీస్తారా, చేస్తే సంచిలో పెట్టి చేస్తారా అని అడగండి. గడ్డలో కనపడని క్యాన్సర్ ఉంటే ముక్కలతో పాటు పొట్టంతా చిందుతుందని 2014లో అమెరికా మందుల, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరించింది. బ్లీడింగ్ అస్తవ్యస్తంగా ఉన్నవాళ్లు, ముఖ్యంగా 45 దాటినవాళ్లు, గర్భసంచి లోపలి పొర ముక్క ముందే పరీక్షకి పంపారా, సర్విక్స్ క్యాన్సర్‌ని ముందే పట్టుకునే పాప్ స్మియర్ పరీక్ష చేశారా అని కూడా అడగాలి.

రక్తం ఎంతుందో చూసుకోండి. నెలనెలా అంత రక్తం పోయినవాళ్లకి హిమోగ్లోబిన్ ఏడు, ఎనిమిది ఉండటం మామూలే. తొందరేమీ లేని ఆపరేషన్ అయితే ఐరన్‌తో పెంచుకుని వెళ్లడం మంచిది, అవసరమైతే ఐరన్ సెలైన్‌లో ఎక్కిస్తారు. పాడేరు, అరకు వైపు నుంచి వచ్చేవాళ్లు సికిల్ సెల్ (వంశంలో వచ్చే రక్త జబ్బు) పరీక్ష తప్పకుండా చేయించుకోవాలి, ఉందని తెలిస్తే మత్తు డాక్టరు దానికి తగ్గట్టు చూసుకుంటారు. మన తీరంలో పెద్దవాళ్లు కొందరికి చుట్ట అడ్డపొగ, అంటే నిప్పున్న కొన నోట్లో పెట్టుకుని తాగే అలవాటుంటుంది, సిగ్గుపడి చెప్పరు. చెప్పించండి, నాలుగు వారాల ముందే మానిపించగలిగితే ఊపిరితిత్తులకీ కుట్టుకీ చాలా మంచిది. రక్తం పలచబడే మాత్రలు, షుగరు, బీపీ మాత్రలు అన్నీ ఒక సంచిలో వేసుకుని మత్తు డాక్టరుకి చూపించండి, ఏది ఆపాలో ఆయన చెప్పాలి, మీరుగా ఆపొద్దు. షుగరు మాత్రల్లో డాపాగ్లిఫ్లోజిన్ లాంటివి కనీసం మూడు రోజుల ముందు ఆపాల్సి ఉంటుంది, దాని గురించి పేరు పెట్టి అడగండి.

వెంట్రుకలు ఇంట్లో బ్లేడుతో తీసుకోకండి, కంటికి కనపడని గాట్లు పడి చీము పడుతుంది, కావాలంటే వాళ్లే క్లిప్పర్‌తో తీస్తారు. గోళ్ల రంగు తీసేయండి, వేలికి పెట్టే ఆక్సిజన్ క్లిప్పు సరిగా చదవడానికి. మంగళసూత్రం తీయమంటే చాలామంది ఏడుస్తారు, మా పిన్ని థియేటర్ గుమ్మం దాకా వెళ్లి వెనక్కి వచ్చింది. లోహం ఉండకూడదన్నది కరెంటు పరికరాలతో కాలకుండా ఉండటానికి. ముందు రోజే ఇంట్లో పసుపుతాడు కట్టుకుని సూత్రాలు అమ్మ చేతికిచ్చి వెళ్తే ఆ క్షణంలో గుండె బేజారవదు. ఘనాహారం ఆరు గంటల ముందు, నూనె వంటలైతే ఎనిమిది గంటల ముందు ఆపాలి. మంచినీళ్లు మామూలుగా రెండు గంటల ముందు వరకు తాగొచ్చు, మీ డాక్టరు వేరేగా చెబితే అది వినండి.

ఇంటికొచ్చాక మన దగ్గర పెద్ద శత్రువు ఉక్క. అడ్డకోత అయితే పొట్ట మడత కింద పడుతుంది, మే నెలలో అక్కడ చెమట ఆరదు. స్నానమయ్యాక మెత్తని గుడ్డతో అద్ది, పడుకుని మడత పైకెత్తి పట్టుకుని ఫ్యాన్ గాలికి ఆరనివ్వండి, పౌడర్లు వేయకండి. పప్పు తింటే చీము పడుతుందని పెద్దవాళ్లు పథ్యం పెట్టి చారన్నంతో సరిపెడతారు. అది వద్దు. కుట్టు మానాలంటే పప్పు, గుడ్డు, చేప, పెరుగు కావాలి. మలబద్ధకం రాకుండా చూసుకోండి, ముక్కితే కుట్ల మీద బరువు పడుతుంది. మొదటి రోజు నుంచే మెల్లగా నడవాలి, కదలకుండా పడుకుంటే కాళ్లలో రక్తం గడ్డకడుతుంది. ఆరు వారాలు నీళ్ల బిందె, గ్యాస్ బండ, చంటిపిల్లలు, ఏదీ ఎత్తకూడదు. భార్యాభర్తల కలయిక కూడా డాక్టరు లోపలి కుట్లు చూసి సరే అనేదాకా వద్దు, ఈ మాట మగవాళ్లకి డాక్టరు చేతే చెప్పించండి.

కొద్దిగా మరక కొన్నాళ్లు ఉంటుంది, పర్లేదు. గంటకో ప్యాడ్ తడిసిపోతున్నా, 100.4 దాటి జ్వరం వచ్చినా, ఒక పిక్క వాచి నొప్పెట్టినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. ఛాతీ నొప్పి, ఆయాసం అయితే 108కి ఫోన్ చేయండి. ఇంకొకటి, చాలామంది సిగ్గుతో దాచేది: వారం, పది రోజులకి కింద నుంచి నీళ్లలా ఆగకుండా కారడం, లేదా ఒక పక్క నడుం మీద పోటు. ఇందాక చెప్పిన మూత్రనాళానికో మూత్రాశయానికో దెబ్బ తగిలితే ఇలా అవుతుంది. తెల్లబట్ట అనుకుని గుడ్డలు మార్చుకుంటూ కూర్చోకండి, వాసన చూస్తే తెలిసిపోతుంది, తొందరగా పట్టుకుంటే సరిచేస్తారు.

తీసిన దాన్ని ల్యాబుకి పంపుతారు. రిపోర్టు పది, పదిహేను రోజులకి వస్తుంది, అప్పటికి మనం ఇంట్లో ఉంటాం, ఎవరూ వెళ్లి తెచ్చుకోరు. కుట్లు చూపించుకోవడానికి వెళ్లినప్పుడు గుర్తుపెట్టుకుని అడిగి తీసుకోండి, డిశ్చార్జ్ కాగితంతో కలిపి ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి. అందులో సర్విక్స్ లేకపోతే, అంటే అది లోపలే ఉంచారంటే, పాప్ స్మియర్ ఆపకూడదు. అండాశయాలు తీశారని ఉంటే, వయసు చూసి హార్మోన్ మాత్రలు, కాల్షియం, ఎముకల పరీక్ష గురించి ఆ రోజే మాట్లాడండి.

మా అక్క రిపోర్టు కోసం మేం రెండేళ్ల తర్వాత వెళ్లాం. పాత ఫైళ్లు వెతికి జిరాక్స్ ఇచ్చారు. గడ్డ మామూలు ఫైబ్రాయిడ్. అండాశయాలు రెండింటికీ ఎదురుగా "నార్మల్" అని రాసి ఉంది.